ఆర్మూర్‌లో చూడదగ్గవి

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పెన్ను మూత తీశాను, పెట్టేశాను, అరుగు మీద కూర్చుని ఒక బీడీ కాల్చాను, మళ్ళీ లోపలికి వచ్చి మూత తీశాను. విత్తనాల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. నాకు గుంట భూమి లేదు, అయినా ఇచ్చారు. ప్రతి పేజీ అడుగున ఒక సలహా అచ్చు వేశారు. ఇవ్వాళ్టి సలహా: విత్తే ముందు నేల పదును చూసుకోండి. సరే, చూసుకుందాం.

సంగతేమిటంటే, పొద్దున మా చెల్లెలు రత్నవ్వ పెర్కిట్ నుంచి వచ్చింది. రోజూ నా మధ్యాహ్నపు అన్నం క్యారియర్‌లో పంపేది, ఇవ్వాళ తనే పట్టుకొచ్చింది. అప్పుడే అనుమానం రావాల్సింది.

"నడిపన్నా, బోధన్ల ఒకామె ఉన్నది. స్వర్ణలత. సర్కారు దవాఖానల నర్సు చేసి రిటైరైంది. పెండ్లి చేసుకోలే, తమ్ముని పిల్లల్ని సాదింది. ఇప్పుడు ఆ తమ్ముని కొడుక్కు పెండ్లైంది, ఇల్లు ఇరుకైంది."

"అయితే నన్నేం జేయమంటవ్? పోయి గోడ జరపమంటవా?"

"నీ ఇల్లు ఖాళీగ లేదా?"

కిరాయికి అడుగుతోందేమో అనుకున్నాను. పక్క గది ఎండాకాలం వేడెక్కుతుంది, నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ముందే చెప్పడం మంచిదని అవన్నీ వివరంగా చెప్పాను. రత్నవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఓ నా దేవుడా! కిరాయికి గాదన్నా. నీకు అరువై ఎనిమిది. ఆమెకు యాభై తొమ్మిది. వదిన పోయి ఆరేండ్లాయె. పిల్లా జెల్లా లేకపాయె. ఇద్దరు కూసొని ఒక్క కాడ ఇంత బువ్వ తింటే తప్పేంది?"

దీనికి నేనేం జవాబు చెప్పానో గుర్తులేదు. బహుశా పసుపు ధర గురించి చెప్పి ఉంటాను. ఏం తోచనప్పుడు నా నోటికి వచ్చేది అదే.

మధ్యాహ్నం బోధన్ నుంచి ఫోను. ఆమె తమ్ముడి కూతురట, పేరు అంకిత. మందుల దుకాణంలో పని చేస్తుందట. "అంకుల్, మా అత్తమ్మ, నేను ఇరవై రెండు, ఇరవై మూడు తారీఖులల్ల ఆర్మూర్ వస్తం. ఉత్తగ ఊరు చూసి పోనీకి. చూసేటియి, చేసేటియి, తినేటియి ఏమున్నయో జర ప్లాన్ చేసి పెట్టుండ్రి."

ఉత్తగ ఊరు చూసి పోవడానికి. నాకు ప్రాణం తేలికైంది. రత్నవ్వకు చెబితే నవ్వింది. "మరేమంటరు? నీ ఇల్లు చూడనీకి వస్తున్నం, నువ్వెట్లున్నవో చూడనీకి వస్తున్నం అంటరా?"

అనకపోతే నేనెందుకు అనుకోవాలి? వాళ్ళు ఊరు అన్నారు. ఊరే.


ఫిబ్రవరి 10, సోమవారం

ఊరు చూడటానికే వస్తున్నారు. ఇందులో నాకేం సంబంధం లేదు. క్షవరం మాత్రం ఎలాగూ చేయించుకోవలసిందే, నెలైంది.


ఫిబ్రవరి 12, బుధవారం

ప్లాన్ రాయడానికి కూర్చున్నాను. మా గల్లీలో ఆటో నడిపే దేవన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. పన్నెండేళ్ళు దుబాయిలో ఉండి వచ్చాడు. వచ్చి ఐదేళ్ళైనా మనిషి ఇంకా పూర్తిగా దిగలేదు.

"అన్నా, దుబాయిల చూసేటియి చెప్పుమను, పొద్దుమూకేదాంక చెప్త. ఆర్మూర్ల ఏమున్నయే? హైవే ఉన్నది. హైవే చూపిస్తవా?"

కోపం వచ్చింది కానీ వాడన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయేవాడికి ఆర్మూర్ అంటే ఒక ఆకుపచ్చ బోర్డు, ఒక మక్కకంకి, మూత్రానికి ఒక చెట్టు. ఎవరూ దిగరు. దిగినవాడికి ఏం చూపించాలో ఊళ్ళో ఎవరూ ఆలోచించలేదు. ముప్పై నాలుగేళ్ళు మార్కెట్ యార్డులో కాంటా దగ్గర బస్తాలు తూచే దడువాయిగా పని చేశాను. దేశమంతా తినే పసుపులో కొంత నా చేతి కింద నుంచే పోయింది. అది చూడదగ్గది కాదా? నేను నాలుగో తరగతి దాటలేదు. నా చదువంతా మిర్చి బజ్జీలు చుట్టిచ్చిన పాత పేపర్ల మీద జరిగింది. అందుకే నాకు తెలిసిన వార్తలన్నీ సగం సగమే, మిగతా సగం నూనె తాగేసింది. అయినా మా ఊరి గురించి ఇంకొకడు చెప్పాల్సిన అవసరం లేదు.

రాశాను. మొదటి రోజు పొద్దున సిద్ధుల గుట్ట, ఎండ ఎక్కకముందే. తరువాత పసుపు ఉడకబెట్టే కల్లం, ఎందుకంటే ఈ నెల పోతే మళ్ళీ ఏడాది దాకా ఆ వాసన లేదు. మధ్యాహ్నం అంకాపూర్ దేశీ కోడి, ముందు రోజే ఫోను చేసి చెప్పాలి, లేకపోతే మన కళ్ళ ముందు ఇంకొకడు తింటాడు. సాయంత్రం రత్నవ్వ చేతి మక్క గారెలు. రెండో రోజు పోచంపాడు ప్రాజెక్టు, రోడ్డు పక్కన కాల్చిన కంకి, టైముంటే బాల్కొండ ఖిల్లా.

రత్నవ్వకు చదివి వినిపించాను. అంతా విని, "ఇల్లేది?" అంది.

"ఏ ఇల్లు?"

"నీ ఇల్లు."

"అది చూడదగ్గ ప్రదేశమా?"

"అన్నా, వాళ్ళు చూడనీకి వచ్చేదే అది."

టైముంటే చివర్లో చూద్దాం అన్నాను. ఖిల్లా పక్కన చిన్న అక్షరాలతో రాశాను కూడా.


ఫిబ్రవరి 15, శనివారం

ఇవ్వాళ వంటిల్లు తెరుద్దామనుకున్నాను. నా భార్య లసుమవ్వ పోయిన తరువాత పదకొండో రోజున గొళ్ళెం పెట్టాను, మళ్ళీ తీయలేదు. అవసరం పడలేదు. మధ్యాహ్నం రత్నవ్వ క్యారియర్, పొద్దున, సాయంత్రం బస్టాండ్ దగ్గర హోటలు. మగవాడికి వంటిల్లు ఎందుకు? గొళ్ళెం మీద చెయ్యి వేశాను. అది కొంచెం బిగుసుకుంది. నూనె వేస్తే వస్తుంది. నూనె వంటింట్లో ఉంది. ఇది ఆలోచిస్తూ అక్కడే కాసేపు నిలబడ్డాను. తరువాత దేవన్నకు ఆటో సంగతి చెప్పాలని గుర్తొచ్చి వెళ్ళాను.


ఫిబ్రవరి 16, ఆదివారం

వంటింటి తలుపు రేపు.


ఫిబ్రవరి 18, మంగళవారం

రేపు.


ఫిబ్రవరి 22, శనివారం

వచ్చారు. పొద్దున తొమ్మిదింటికి బస్సు దిగారు. అంకిత చేతిలో ఫోను, వాళ్ళ అత్తమ్మ చేతిలో స్టీలు నీళ్ళ సీసా. పొట్టి మనిషి, ముఖం మీద తొందర లేదు. జుట్టుకు రంగు వేయలేదు, మధ్యలో పాపిడి తెల్లగా ఉంది. నమస్కారం పెట్టి ఏమని పిలవాలో తెలియక, దవాఖానలో నర్సులను ఎలా పిలుస్తామో అలాగే "రాండ్రి సిస్టర్" అన్నాను. రత్నవ్వ నా వీపు మీద గిల్లింది. ఇప్పటికీ మంటగా ఉంది.

"సిస్టర్ అంటవేంది? ఇంక రాఖీ గూడ కట్టిపియ్యి," అంది చెవిలో.

ఆ మాట ఆమెకు వినబడింది. "ముప్పై ఆరేండ్లు అందరికి సిస్టర్నే. అలవాటే పోనీయుండ్రి," అంది. ఆ తరువాత రోజంతా నేను ఆమెను ఏమనీ పిలవలేదు. గొంతు సవరించుకోవడంతోనే నెట్టుకొచ్చాను.

గుట్ట ఎక్కాం. ఆ నల్ల రాళ్ళు, ఎవరో పని లేక ఒకదాని మీద ఒకటి పెట్టి, దించడం మరిచిపోయి వెళ్ళినట్టు ఉంటాయి. దేవన్న దుబాయి కట్టడం ఎత్తు చెప్పబోయాడు. "అది కట్టిండ్రు గదా బాబూ, దీన్ని ఎవరన్న కట్టిండ్రా?" అంది ఆమె. వాడు పది నిమిషాలు మాట్లాడలేదు, నాకు తెలిసి ఐదేళ్ళలో అదే ఎక్కువ. గుహలోకి వంగి పోయి దండం పెట్టుకుని బయటికొచ్చి పైన నిలబడితే ఊరంతా కనబడుతుంది. కల్లాల మీద పసుపు ఎక్కడికక్కడ చీరలు ఆరేసినట్టు ఉంది. అంకిత ఫోటోలు తీస్తూ ఉంది. వాళ్ళ అత్తమ్మ ఊరివైపు చూసి అడిగింది.

"మీ ఇల్లు ఏ దిక్కు?"

"గా నీళ్ళ టాంకి వెనక," అన్నాను. అని, వెంటనే ఈ రాళ్ళల్లో నవనాథులు ఎక్కడెక్కడ తపస్సు చేశారో మొదలుపెట్టాను. నాకు నలుగురి సంగతే సరిగ్గా తెలుసు, మిగతా ఐదుగురిని సర్దాను. ఆమె వింటూ టాంకి వైపే చూస్తోంది. అక్కడ అంత చూడవలసిందేమీ లేదు.

నాగవ్వ తన కల్లంలో పసుపు ఉడకబెట్టిస్తోంది. ఆవిరి లేస్తోంది, ఆ పచ్చి వాసన నాకు ఇప్పటికీ ఆకలి పుట్టిస్తుంది. నన్ను చూసి నాగవ్వ అరిచింది. "ఏం దడువాయి మామా, ఇస్త్రీ అంగీ వేసినవ్! ఇయ్యాల తూకం ఎవలిది?" కైకిలి పనికి వచ్చిన ఆడవాళ్ళంతా నవ్వారు. నేను వినబడనట్టు ఒక ఎండు కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు బోధన్ ఆమెకు చూపించాను. బాగా ఎండిన కొమ్ము టక్కుమని విరుగుతుంది, విరిగినచోట నారింజ రంగు రావాలి. అక్కడి నుంచి తూకాల్లోకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేను. తూచేటప్పుడు మేము ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నోట రాకూడదని ఆరున్నొక్కటి అంటాం. ముప్పై నాలుగేళ్ళలో నేను ఏడు అన్న రోజు లేదు.

"దవాఖానల గట్ల నడువది," అంది ఆమె. "ఏడో బెడ్డు ఏడో బెడ్డే. ఆరున్నొక్కటి అంటే డాక్టరు ఆరో బెడ్డాయనకు సూది వొడుస్తడు."

నవ్వాను. బస్తా ఎత్తితే కాంటా లేకుండానే బరువు చెప్పగలనని కూడా చెప్పుకున్నాను. ఆమె తన రెండు అరచేతులు చూసుకుంది. "నేను గూడ చెప్త. అప్పుడే పుట్టిన పిల్లను చేతులకు తీసుకుంటే రెండు కిలోల ఎనిమిది వందలా, మూడా, కాంటా మీద వెట్టక ముందే తెలుస్తది."

అంటే అక్కడ ఇద్దరం దడువాయిలం నిలబడి ఉన్నాం. ఈ మాట పైకి అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అంకాపూర్‌లో కోడి బాగా కుదిరింది. కారం కళ్ళలోంచి కారుతున్నా ఆమె ఆపలేదు, బొక్కలోని మూలుగ కూడా వదల్లేదు. ఉప్పు తక్కువైతే తక్కువైందని హోటలాయనకే చెప్పింది. లసుమవ్వ అయితే సణుగుతూ తినేది, చెప్పేది కాదు. రెంటిలో ఏది మంచిదో నేను చెప్పలేను.

తిరిగి వచ్చేటప్పుడు దేవన్న మా గల్లీ మొదట్లో ఆటో నెమ్మది చేశాడు. "అన్నా, ఆపాల్నా?"

రత్నవ్వ ఇంట్లో గారెలు చల్లారిపోతాయి కదా. పద అన్నాను. గారెలు చల్లారితే తోలు సాగినట్టు సాగుతాయి.


ఫిబ్రవరి 23, ఆదివారం

రాత్రి వాళ్ళు రత్నవ్వ ఇంట్లో పడుకున్నారు, పొద్దున ప్రాజెక్టు చూశాం. ఆమె నీళ్ళకు ఎదురుగా గట్టు మీద కూర్చుంది. అంకిత పక్కకు పోయినప్పుడు మెల్లగా అంది, "మా తమ్ముని ఇంట్ల నా మంచం హాల్లకు వచ్చింది. టీవీ బంద్ అయితెనే నాకు నిద్ర. వాళ్ళు మంచోళ్ళే. ఎవ్వరు ఏమన్లే. అందుకే జర కష్టం."

ఇలాంటిదానికి మనిషన్నవాడు ఏదో ఒకటి అనాలి. నేను ఆ ఆనకట్టకు ఎన్ని గేట్లున్నాయో చెప్పాను.

కంకులు తిన్నాం, ఉప్పు కారం నిమ్మకాయ రాసి. తిన్నాక ఆమె చేతులు కడుక్కుని అడిగింది. "ఇంకేం మిగిలింది?"

"బాల్కొండ ఖిల్లా."

దేవన్న అద్దంలోంచి నన్ను చూశాడు. "అన్నా, ఖిల్లా ఎక్కడికి పోదు. ముందుగాల ఇంటికి..."

"నువ్వు ముందు చూసి నడుపు."

ఖిల్లా చూశాం. పడిపోయిన గోడలు. అంకిత అక్కడ కూడా ఫోటోలు తీసింది. ఐదింటి బస్సు. బస్టాండ్‌లో నేను మంచి కొమ్ములు ఏరి దంచి పొడి చేయించిన పసుపు పొట్లం ఇచ్చాను. ఆమె తీసుకుంది. "ఊరంత మంచిగ చూపించిండ్రు. ఒక్క రాయి గూడ మిగల్లే," అంది.

చాలా సంతోషంగా ఉంది. రెండు రోజుల్లో ఇంత ఎవరు చూపిస్తారు? టైము లేక ఒక్కటే తప్పింది. రత్నవ్వ మాత్రం నాతో ఒక్క మాట మాట్లాడకుండా పెర్కిట్ వెళ్ళిపోయింది. రెండు రోజుల వంటతో అలసిపోయి ఉంటుంది.


ఫిబ్రవరి 24, సోమవారం

క్యారియర్ రాలేదు. మధ్యాహ్నం కూడా హోటలే.


ఫిబ్రవరి 25, మంగళవారం

రత్నవ్వ వచ్చింది. క్యారియర్ తేలేదు. గుమ్మం బయటే నిలబడి మాట్లాడింది.

"అంకిత ఫోన్ చేసింది. ఏమన్నదో చెప్పాల్నా? 'అత్తమ్మకు ఏం కోపం లేదు ఆంటీ. అంకుల్ జవాబు చెప్పిండు, మేము అర్థం చేసుకున్నం' అన్నది."

"నేనేం జవాబు చెప్పిన? నన్ను ఎవరన్న అడిగిండ్రా?"

"మా అన్నవు గాబట్టి ఊకుంటున్న. ఇల్లు చూడనీకి వచ్చినోళ్ళను గడప తొక్కనియ్యకుండ పంపితే ఏమన్నట్టు? మన బాపు పెద్దన్న సంబంధానికి ధర్పల్లి నుంచి వచ్చినోళ్ళను ఏం జేసిండు? గప్పుడు శర్బత్ గిలాసలు పట్టుకపోయినోనివి నువ్వు గాదా?"

నేనే. నాకు పద్దెనిమిదేళ్ళు. ధర్పల్లి వాళ్ళు మా పెద్దన్నకు పిల్లనిద్దామని ఇల్లు చూడటానికి వచ్చారు. మా నాన్నకు, అదే బాపుకు, ఆ సంబంధం ఇష్టం లేదు. ఇంటికొచ్చినవాళ్ళను వద్దని నోటితో అనకూడదు, అది మా ఇంటి పద్ధతి. వాళ్ళను అరుగు మీదే కూర్చోబెట్టాడు. శర్బత్ అరుగు మీదికే తెప్పించాడు. తరువాత పసుపు చేను చూపించాడు, కొత్త మోటారు చూపించాడు, ఎద్దులను చూపించాడు, పక్క ఊరి జాతర దాకా తీసుకుపోయాడు. ఎంతో మర్యాద చేశాడు. లోపలికి మాత్రం రమ్మనలేదు. వాళ్ళలో ముసలాయన చివరికి కండువా దులుపుకుని, "మస్తు చూపించిండ్రు," అని లేచాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు. మా వైపు పెద్దవాళ్ళ మధ్య ఇంతకంటే స్పష్టమైన జవాబు లేదు.

అది నాకు తెలుసు. నేను ఆ గిలాసలు మోశాను, మళ్ళీ కడిగాను.

మరి తెలిసి చేశానా? నేను బాపులాగా వద్దనుకుని చేయలేదు. అలాగని తెలియక చేశానని ఎలా అనను? తలుపు తెరవడానికి టైము లేదు, అంతే. పదమూడు రోజులు టైము లేదు. ఖిల్లాకు ఉంది. రాసినకొద్దీ చిక్కు పడుతోంది, ఆపేస్తున్నాను.


ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. ఒక్కపొద్దు. గుట్ట మీద మైకు వినబడుతోంది. వెళ్ళలేదు, మొన్ననే ఎక్కాను.


ఫిబ్రవరి 28, శుక్రవారం

గొళ్ళెం తీశాను. నూనె అక్కర్లేకపోయింది, గట్టిగా లాగితే వచ్చింది.

లోపల పెద్దగా ఏమీ లేదు. ఉప్పు రాయైంది. చింతపండు దేనిలాగా అయిందో చెప్పలేను. ఎలుకలు గోనెసంచిని దారం దారం చేశాయి. గోడకు ఆరేళ్ళ కిందటి క్యాలెండరు, లసుమవ్వ పాలవాడు రాని రోజుల మీద పెట్టిన గుండ్రాలు. ఆ నెల పదిహేడు దాకా ఉన్నాయి. ఆ తరువాత పాలవాడు వచ్చాడో రాలేదో ఎవరికీ తెలియదు. నేను తలుపు దగ్గర నిలబడ్డప్పుడు ఇంకా ఏదో ఉంటుందనుకున్నాను. ఏముంటుందనుకున్నానో ఇప్పుడు చెప్పలేకపోతున్నాను.

పొద్దంతా కడిగాను. ఐదు బకెట్లు, ఆరు, ఆరున్నొక్కటి. నడుము పట్టేసింది. దేవన్న తొంగిచూసి అడిగాడు. "ఎవరన్న వస్తున్నరా అన్నా?"

"ఎవరు రారు."

"మరెందుకు కడుగుతున్నవే?"

దుమ్ముంది కాబట్టి అన్నాను. దుమ్ము ఆరేళ్ళుగా ఉంది. వాడు చెప్పులు విప్పి వచ్చి కిటికీ తుడిచాడు. దుబాయిలో కిటికీలు ఎలా తుడుస్తారో చెబుతూ తుడిచాడు. విన్నాను.


మార్చి 2, ఆదివారం

అంకితకు ఫోను చేశాను. పసుపు ధర ఎలా ఉందో చెప్పాను. మక్కల ధర చెప్పాను. ఎండలు మొదలయ్యాయని చెప్పాను.

"అంకుల్, దుకాణంల గిరాకున్నది. మీరేం చెప్పాలనుకుంటున్రు?"

"ఏం లేదమ్మా. మొన్న చూసేటియి అన్ని రాసిన గదా. అందుల ఒకటి తప్పింది. మీ అత్తమ్మకు చెప్పు. చూడాల్సింది ఒకటి మిగిలిందని."

ఫోనులో మాత్రల అట్టల చప్పుడు వినబడింది. ఎవరికో మాత్రలు లెక్కపెట్టి ఇస్తున్నట్టుంది. "చెప్త," అంది.


మార్చి 3, సోమవారం

ఫోను రాలేదు.


మార్చి 4, మంగళవారం

రాలేదు. మంచిదే అయింది. నాకు ఈ వయసులో అలవాట్లు మార్చుకోవడం కుదరదు. గ్యాసు పొయ్యి బాగు చేయించాను, కొత్త సిలిండరు పెట్టించాను. అది ఎలాగూ చేయించాల్సిందే.


మార్చి 6, గురువారం

పొద్దున పదకొండింటికి బనియను మీద అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. "టాంకి వెనక అన్నరు, టాంకి చుట్టు రెండు సార్లు తిరిగిన," అన్న మాట వినబడింది. తలెత్తితే ఆమె. ఒక్కతే వచ్చింది. చేతిలో అదే స్టీలు సీసా.

లేచి లోపలికి పరిగెత్తి అంగీ వేసుకున్నాను. గుండీలు ఒకటి కిందికి ఒకటి పైకి పడ్డాయి. వచ్చి, "లోపలికి రాండ్రి," అన్నాను. ఈ రెండు ముక్కలకు నాకు దాదాపు నెల పట్టింది.

ఆమె చెప్పులు విప్పి గడప దాటింది. నేను మంచినీళ్ళు ఇచ్చాను, తాగింది. తరువాత అడక్కుండానే ఇల్లంతా తిరిగింది, వార్డులో రౌండ్‌కి వచ్చినట్టు. నల్లా తిప్పి చూసింది. స్నానాల గదిలో నీళ్ళు పోసి ఏ వైపు పారుతాయో చూసింది. పక్క గది కిటికీ తీసి గాలి వస్తుందా అని నిలబడింది. ఆ గది వేడెక్కుతుందని చెప్పాను. "ఫ్యాను ఉన్నది గదా," అంది. వంటింట్లోకి వెళ్ళి నేల చూసి, గోడలు చూసి, గొళ్ళెం పట్టుకుని అటూ ఇటూ కదిపింది.

"గీ తలుపు ఆరేండ్లు తియ్యలేదని మీ చెల్లె చెప్పింది. ఎందుకు బంద్ వెట్టిండ్రు?"

"అది టేకు చెక్క. నిర్మల్ దిక్కు నుంచి తెప్పించిన. అప్పట్ల చెక్కంటే..."

"నేను చెక్క సంగతి అడుగలే."

నా దగ్గర చెప్పడానికి చాలా ఉంటాయి, ఎప్పుడూ ఉంటాయి. నోరు తెరిచి వెతుక్కుంటే ఒక్కటీ దొరకలేదు.

"తెల్వది," అన్నాను. "నిజంగనే తెల్వది. పోయినామె మీద ప్రేమనో, వంట రాకనో, భయమో. రోజు రేపు తీద్దామనుకున్న."

"మీకు నేను గీ ఇంటికి వచ్చుడు ఇష్టమా కాదా? అది గూడ తెల్వదా?"

"అది..." గొంతు సవరించుకున్నాను. "అది తెలుసు."

"ఏందది?"

"ఇష్టమే."

ఆమె తలూపింది. "చాయ్ పత్తి ఉన్నదా?" అంది. ఉంది, మొన్ననే కొన్నాను. పాలు లేవు, దేవన్న ఇంటి నుంచి తెచ్చాను. ఆమె చాయ్ పెట్టింది. గిలాసల కోసం సామాన్లు పెట్టుకోవడానికి గోడకు అరలా బిగించిన షాబాదు రాతి బండ వైపు చెయ్యి చాపింది, అందలేదు. మునివేళ్ళ మీద లేచింది, అయినా అందలేదు. లసుమవ్వ నాకంటే నాలుగు వేళ్ళు ఎత్తు. అప్పుడు తనను నిలబెట్టి, చెయ్యి ఎక్కడిదాకా పోతుందో అక్కడ గీత గీసి ఆ బండ వేయించాం. నేను గిలాసలు దించి ఇచ్చాను.

"బండ జర ఎత్తున్నది," అంది ఆమె.

ఇద్దరం అక్కడే నేల మీద కూర్చుని తాగాం. చాయ్‌లో చక్కెర తక్కువ, ఆ సంగతి నేను చెప్పాను. "రెండు చెంచాలే," అంది, "గీ వయసుల అంతకన్న వద్దు." రెండింటి బస్సుకు వెళ్ళిపోయింది. బస్టాండ్ దాకా వెళ్ళాను. వస్తానని చెప్పలేదు, రానని చెప్పలేదు. ఎండ బాగా ఉందని మాత్రం అంది.

సాయంత్రం రత్నవ్వ పరిగెత్తుకుంటూ వచ్చింది, దేవన్న చెప్పేసినట్టున్నాడు. "ఏమన్నదన్నా? ఏమన్నది?"

"ఏమన్లే."

"ఏమనకుంట ఎట్లుంటది? జర గుర్తు తెచ్చుకో!"

"నల్లా మంచిగున్నదన్నది. చక్కెర రెండు చెంచాలే అన్నది. సామాన్ల బండ ఎత్తున్నదన్నది."

రత్నవ్వ నా ముఖం చూసింది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎందుకని అడిగితే, "నువ్వు ముప్పై నాలుగేండ్లు ఏం తూచినవో ఏమో," అని వెళ్ళిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. అర్థమైనట్టే ఉంది, కానీ గట్టిగా అనుకోవడానికి ధైర్యం చాలడం లేదు.


మార్చి 8, శనివారం

మేస్త్రి ముత్తెన్న పొద్దున్నే వచ్చాడు. వంటింట్లో సామాన్ల బండ తీసి, జానెడు కిందికి దించి మళ్ళీ బిగించాడు. సిమెంటు ఆరేదాకా రెండు రోజులు దాని మీద ఏమీ పెట్టొద్దన్నాడు. గిన్నెలన్నీ ప్రస్తుతం మంచం మీద ఉన్నాయి.